మళ్ళీ వదులైన నట్టు

చిలకలూరిపేట బైపాస్ పక్కన అన్వర్ మెకానిక్ షెడ్డు. పాత డీజిల్ కారు బానెట్ ఎత్తి ఉంది. దాని ముందు కారు ఓనరు అంకమ్మరావు, వెనక సీట్లో ఆయన భార్య కోటేశ్వరి, ఇంజను మీదకి వంగి అన్వర్ కూతురు షాహిస్తా.

“మీ నాన్న రాడా? గరిటె పట్టుకునే చేతికి పానా ఇచ్చి పడుకున్నాడా?”

“నాన్నకి నడుం పట్టేసింది బాబాయ్‌గారూ. ఆరేళ్ళ నుంచి షెడ్డు నేనే చూస్తున్నా. డీజిల్ ఎప్పణ్ణుంచి కారుతోంది?”

“నెల్రోజులు. ఎక్కడికన్నా బయల్దేరదామనుకునేసరికి కింద మడుగు. పైపు మార్పించా. ట్యాంకు దింపించా. గుంటూరులో పేరున్న మెకానిక్కులకే చేతకాలేదు, ఇవాళ ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చా. ఇక నీకు చేతనవుద్దా?”

“చూద్దాం. ముందు అంతా తుడిచేస్తా. పొడిగా ఉంటేనే తడి ఎక్కడ పుడుతోందో తెలిసేది.”

“తుడవటం దాకా బానే వచ్చు ఆడాళ్ళకి.”

“ఏవండీ, ఆ పిల్లని పని చేసుకోనివ్వండి.”

“నువ్వు నోరు మూసుకో కోటేశ్వరీ. ఇంజనంటే ఏందో తెలుసా నీకు?”

“నాకేం తెలుసండీ.”

“బాబాయ్‌గారూ, ఫిల్టరు మీద చేతి పంపు నొక్కుతున్నా. ఆ... అదిగో, ఊరుతోంది. చూశారా?”

“ఎక్కడ?”

“ఇదిగో, నా వేలు దగ్గర.”

“ఆఁ, ఆఁ, చూశాలే. పైపు చిరిగింది, అంతేగా?”

“పైపు కాదండీ. నట్టు వదులైంది.”

“నట్టే అంటున్నా! నలభై ఏళ్ళ నుంచి కారు తోలుతున్నా, నాకు చెప్పొచ్చావ్. అదురుకి వదులై ఉంటది. బిగించి పంపించు.”

“అదురుకి వదులైతే తుప్పు ఇట్లా లేచిపోదు. పానా పట్టిన గీతలు కొత్తగా ఉన్నాయి. ఎవరో కావాలనే తిప్పారు.”

“అనుకున్నా! పక్కింటి వీరబాబుగాడే. నా కారు చూస్తే వాడికి కడుపుమంట. సైకిలు తొక్కటం రాని సన్నాసి వెధవ...”

“వీరబాబు కాదండీ.”

“మరి గుంటూరు మెకానిక్కా? మళ్ళీ మళ్ళీ తన దగ్గరికే రావాలని...”

“నేనే.”

“ఏంది కోటేశ్వరీ, నువ్వే?”

“నేనే తిప్పా. మీరు తాళాలు చేతికి తీసుకున్నప్పుడల్లా.”

“నువ్వా? నీకు పానా పట్టుకోవటం వచ్చా?”

“మీరు బాగు చేయించినప్పుడల్లా పక్కనే నిలబడ్డాగా. చూసి నేర్చుకున్నా.”

“బుద్ధుందా? ఈ పిల్ల ముందు నన్ను నవ్వులపాలు చేస్తావా? ఎందుకు చేశావే?”

“మీకు చూపు ఆనటం లేదు.”

“ఎవడన్నాడు? ఇప్పుడు తెప్పించు సూది, దారం ఎక్కిస్తా!”

“పిన్నిగారూ, దిగండి. కాసిని మంచినీళ్ళు తాగుదురుగాని.”

“ఉండమ్మా, చెప్పనీ. పోయిన నెల పర్చూరు రోడ్డులో కారు ఎగిరిపడింది, గుర్తుందా అండీ?”

“ఎవడో లారీలోంచి మిర్చి టిక్కీ జారవిడిచాడు, ఆ బస్తా మీద ఎక్కింది. దానికి ఆపండి, ఆపండి అని నువ్వొకటే గోల.”

“మీరు ఆపలా. మర్నాడు బస్సెక్కి నేను వెళ్ళి చూశా. టిక్కీ కాదండీ, మనిషి. ఆదెయ్య అని, పత్తి తీతకి పోయే కూలి. తుంటి విరిగి మంచాన పడ్డాడు. వెళ్ళినప్పుడల్లా వాళ్ళావిడ నా చేతులు పట్టుకుని, గుద్దినోళ్ళెవరో తెలిస్తే చెప్పమ్మా అని ఏడుస్తోంది.”