ఐదో తరగతి చాలు

(ఆళ్లగడ్డలో ఒక హైస్కూలు, 1957. సాయంత్రం బడి విడిచినాక తరగతి గదిలో తెలుగు టీచరు సరోజమ్మ, ఎనిమిదో తరగతి నూరున్నీసా.)

“ఎవరు రాయమన్నారు? అది చెప్పు ముందు.”

“ఎవరూ అన్లేదు టీచరమ్మా.”

“ఆడపిల్లల చదువు మీద వ్యాసం పోటీ పెడితే, ‘ఆడపిల్లకు ఐదో తరగతి చాలు’ అని రాస్తివి. నువ్వేమో ఎనిమిది చదువుతాండావు. యాడిదీ మాట? మీ నాయన చెప్పినాడా?”

“మా అబ్బా చెప్పలేదు. నేనే రాసినా.”

“నీ మాట కాదిది నూరున్నీసా.”

“మీరే అంటిరి కదా. పెద్దలు అన్నారని రాయొద్దు, పుస్తకంలో ఉందని రాయొద్దు, మీకు ఏం తోస్తే అది రాయండి అని.”

“అంటిని. ఇట్లా తోస్తాదని అనుకోలే.”

“తప్పులుండాయా?”

“తప్పులేం లేవు. కడమోళ్లంతా చదువు దీపం, చదువు కన్ను అని ఒకరి దాంట్లో చూసి ఒకరు రాసినారు. నువ్వొక్కదానివే చూసింది రాస్తివి. ఒక్కో మాటకు ఒక్కో కారణం చూపిస్తివి. నాకు కోపం దానికే.”

“బాగా రాసినందుకా?”

“నాతో పాటు వ్యాసాలు దిద్దిన శేషయ్య పంతులు నీకు మొదటి బహుమతి అన్నాడు. ఆయనకు ఆ మాట నచ్చింది, అంతే. నేను నిన్ను అందరికంటే కడాకు పెట్టినా.”

“మీకు నచ్చలేదా?”

“నచ్చలే.”

“నచ్చకపోతే మార్కులు పోతాయా టీచరమ్మా?”

“పోకూడదు.”

“పోయినాయి కదా.”

“చూడు, నంద్యాల పోయి చదువుకుంటానని నేను మా ఇంట్లో అన్నం మానేసి కూర్చున్నదాన్ని. నీ రాతకు మార్కులు వేయబుద్ధి కాలే. మొదటి వ్యాసాన్ని నంద్యాలకు పంపిస్తారు. అక్కడి సభలో చదువుతారు. ఆడపిల్లే చాలంటాంది కదా అని ఎంతమంది నాయనలు బిడ్డల్ని ఇంట్లో పెట్టుకుంటారో తెలుసా?”

“అంత దూరం ఆలోచించలే.”

“మరి ఏం ఆలోచించి రాస్తివి?”

“మా అబ్బా వినాలని.”

“అదీ, అట్ల చెప్పు. బడి మానమంటాండాడు. నువ్వు ఎదురు చెప్పలేక ఆయన మాటే రాస్తివి. రేపు నేనొచ్చి మాట్లాడతాలే.”

“మానమనలేదు. నేను టీచరు కావాలంట. మీ మాదిరి.”

“మరి ఇంకేందే?”

“ఏం లేదు.”

“ఏం లేకుంటే కండ్లలో ఆ నీళ్లేంది? కూర్చో. కూర్చోని చెప్పు.”

“నేను చెప్తే వినడు. చిన్నపిల్లవు, నీకేం తెలుసు అంటాడు. నంద్యాలలో మెచ్చుకున్నారంటే వింటాడు. అందుకే బహుమతి కావాల.”

“బహుమతి తీసుకోని బడి మానేస్తావా?”

“మానేస్తా.”

“ఎందుకు?”

“పోయినేడు మా అమ్మ పోయింది కదా.”

“తెలుసు.”

“నేను బడికి రావాలంటే ఇంట్లో ఒకరుండాల. మా చెల్లెలు మున్నీని మూడో తరగతిలోనే మాన్పించినాడు. రొట్టెలు అదే కాలుస్తాది. చేతుల నిండా బొబ్బలే.”

“అంటే, నువ్వు ఇంట్లో ఉంటే అది బడికి పోతాదనా?”

“నాకు ఐదు ఎప్పుడో దాటింది టీచరమ్మా. దానికింకా కాలేదు.”