జడ్జిగారింటికి వెళ్ళిన ఉత్తరం

తల్లీతండ్రీ పోయి, నాయనమ్మవాళ్ళ దగ్గరున్న పిల్ల ఇక ఎవరి దగ్గర పెరగాలన్న కేసులో ఆ రోజు తీర్పు. శ్రీకాకుళం కోర్టు వరండాలో, చేపలమ్మే అమ్మమ్మను ఆమె లాయరు పక్కకు పిలిచాడు.

"మామ్మా, జడ్జిగారింటికెళ్ళి ఉత్తరం ఇచ్చావా?"

"ఇచ్చాను బాబూ. మంచి చందువ కూడా అట్టుకెల్లాను. చేప తిప్పి పంపీసినారు గానీ ఉత్తరం పుచ్చుకున్నారు."

"ఎందుకెళ్ళావు?"

"మా పేటలో తగువొస్తే ముందు పెద్దలింటికెల్లి సెప్పుకుంటాం. ఎల్లకపోతే పొగరంటారు."

"ఇక్కడ వెళ్తేనే తప్పు. అవతలివాళ్ళకి తెలియకుండా జడ్జితో కేసు మాట ఎత్తకూడదు. అందుకే ఆయన ఉత్తరం ఫైల్లో పెట్టించి, నకలు వాళ్ళకీ ఇప్పించారు."

"ఆళ్ళకా! అది ఆయనొక్కడికే రాయించాను బాబూ."

"అందులో ఏం రాయించావో నీ నోటితో చెప్పు."

"కళ్ళు మసకబారతన్నాయి, ఇంక బాగుపడవని డాట్రు సెప్పీసాడు, సూపు పోకముందే పిల్లని ఇంటికి పంపండని."

"ఆ మాట నాకెందుకు చెప్పలేదు?"

"నీకు సెప్తే జాలిపడతావు. పిల్లనిచ్చేది నువ్వు కాదు కదా."

"తీర్పు ఆగింది మామ్మా. చూపు లేనామె ఐదేళ్ళ పిల్లను ఎలా సాకుతుందని వాళ్ళు అర్జీ వేశారు."

"నా గంపలో చేప మెత్తబడిందని నేనే కేకేసి సెప్పుకున్నట్టయింది. పిల్లని తెచ్చినారా?"

"తెచ్చారు. అదిగో, ఆ చివరి బెంచీ మీద కూర్చుంది."

"అంత దూరం ఆనదు బాబూ. ఏ రంగు గౌనేసుకుందో సెప్పు."