మూడో ప్రశ్న

గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే రోడ్డు. మిట్టమధ్యాహ్నం. జయరావు మోటారు సైకిలు నడుపుతున్నాడు. వెనక అతని భార్య హెలెన్.

"బండి ఆపండి."

"మళ్ళీనా? ఏటుకూరులో ఇప్పుడేగా ఆపాను."

"ఆపండంటే."

"ఇక్కడెక్కడ కూర్చుంటావే? అటు మిరప కల్లం, ఇటు మిరప కల్లం. తాలు కాయలు ఏరే ఆడోళ్ళు యాభైమంది ఉన్నారు. కాస్త ఓర్చుకో, ముందు పత్తిచేను వస్తుంది."

"ఓర్చుకునేదైతే అడుగుతానా? అదిగో, ఆ చేనే. ఆపండి, ఆపండి!"

"ఆపాను. చూసుకుని దిగు, సూది మత్తు ఇంకా ఉంటుంది... నీళ్ళ సీసా తీసుకెళ్ళు... అయిందా?"

"నాలుగు చుక్కలు. నాలుగు చుక్కలకి ప్రాణం పోయినంత పనైంది."

"వేడి చేసిందే. ఇంటికెళ్ళగానే సబ్జా నీళ్ళు కలుపుతా. మంచం దిగి తిరగ్గానే పోయి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తివి, మిరపకాయ ఘాటు ఊరికే పోతుందా?"

"ఆ పని మానేసి నాలుగు నెలలైంది. ఇంకా ఎక్కడి ఘాటండీ?"

"ఒంట్లోకి దిగిపోయుంటుంది."

"కల్లంలో యాభైమంది ఉన్నారన్నారుగా. వాళ్ళెవరూ పావుగంటకోసారి చేలోకి పరిగెత్తట్లేదే?"

"బండెక్కు. ఎండ మాడ్చేస్తోంది."

"ఎక్కను. ఆస్పత్రిలో మీరు నింపిచ్చే కాగితంలో ఏముంటుంది?"

"ఏ కాగితం?"

"ప్రతి నెలా సూదికి ముందు ఇస్తారే, ఇంగ్లీషుది. మీరే చదివి, మీరే టిక్కులు పెట్టి ఇచ్చేస్తారుగా."

"ఏముంటుంది... నిద్ర పడుతుందా, అన్నం తింటుందా, అవే."

"అవి రెండు. మూడోది?"

"నాకేం గుర్తు?"

"నాకు గుర్తుంది. ఇవాళ మీరు మందుల షాపుకి వెళ్ళినప్పుడు నర్సమ్మ తెలుగులో చదివింది. మూత్రం మాటిమాటికీ వస్తుందా, మంటగా ఉందా, నెత్తురు పడుతుందా అని. పాత కాగితాలన్నీ తిరగేసి, అన్నిట్లో లేదనే ఉందమ్మా అంది. ఎందుకట్లా పెట్టారు?"

"ఆడమనిషి సంగతులు... ఆ మగ డాక్టరుతో..."

"నోటితో చెప్పమన్నారా? టిక్కేగా. కెటమిన్ సూది చాలాకాలం వేస్తే మూత్రం సంచి దెబ్బతినొచ్చు, మంట అనగానే చెప్పండి అని మొదటిరోజే మీకు చెప్పారంట. చెప్పారా లేదా?"

"చెప్పారు."

"తెలిసి నాకు సబ్జా నీళ్ళు తాగించారు."

"తాగించాను! ఏం చెయ్యమంటావు? చెబితే సూది ఆపేస్తారు. ఆపేస్తే? రెండేళ్ళు గోడవైపు తిరిగి పడుకున్నావు హెలెనూ. డిప్రెషన్‌కని నాలుగు రకాల మాత్రలు మార్చారు, ఒక్కటి పనిచేసిందా? పాస్టరుగారు వచ్చి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తే ఆయనవైపు కూడా తిరగలేదు. రెండో సూదికి లేచి కూర్చుని, పిల్లకి ఈ వంకర పాపిడి ఎవరు తీశారండీ అన్నావు. నేను దొడ్లోకి పోయి ఏడ్చాను. మళ్ళీ ఆ రోజులు చూడలేక... పాపిష్టోణ్ణి, సరేనా?"

"క్రిస్మస్ నుంచి నెత్తురు పడుతోంది."

"ఆఁ? నాకు చెప్పలేదే!"

"చెబితే ఏం చేసేవాళ్ళు? మజ్జిగ కూడా కలిపేవాళ్ళు."

"అట్లా అనబాకే... నెత్తురని తెలిస్తే ఒట్టు, చెప్పేసేవాణ్ణి."

"ఏమో."

"పోనీలే. ఇప్పుడు నర్సమ్మకి తెలిసిందిగా. డాక్టరే ఏదో ఒక దారి చూస్తాడు. తిడితే నేను పడతాను. పద... ఉండు, ఉండు. నువ్వు చెప్పాక కూడా ఇవాళ సూది ఎట్లా వేశారు?"

"ఎట్లా వేస్తారు?"

"వేశారుగా! హెలెనూ, ఇటు చూడు. నర్సమ్మ అడిగితే నువ్వేం చెప్పావు?"

"లేదని. ఆ గోడ మీకొక్కరికే గుర్తుందనుకున్నారా? సీసా ఇలా ఇవ్వండి, మళ్ళీ వస్తోంది."