నీలం ఎక్కేదాకా ఆగండి

సభకు అధ్యక్షత వహిస్తున్న డీన్ లేషెక్ గారికి, నాకంటే ముందే రిటైరై ముందు వరుసలో హాయిగా కూర్చున్న పెద్దలకు, సహోద్యోగులకు, వెనక నుంచి గసగసాల రొట్టె మీదే కన్నేసి ఉంచిన విద్యార్థులకు నమస్కారం.

నేను మాట్లాడుతున్నా మీ చూపులన్నీ ఆ మూలకే పోతాయని తెలుసు. అక్కడ మైక్రోస్కోపు ముందు కూర్చున్నది నా ఆఖరి శిష్యురాలు బోగ్న. ఆమె పెంచిన స్ఫటికాలున్న చుక్కలో ఇందాకే కాస్త నీలం రంగు కలిపాం. ప్రొటీన్ స్ఫటికంలో సగం నీరే, రంగు దూరడానికి సందులుంటాయి, కాబట్టి నీలమవుతుంది. ఉప్పయితే రంగు ఎక్కదు. అది తేలేదాకా నేను మైకు వదలను. (నవ్వులు)

మొదటి ఏడాది పిల్లలకు నా తొలి పాఠం ఇదే. ప్రొటీన్ రూపం కంటికి కనిపించదు. దాని ద్రావణాన్ని చిన్న చుక్కగా పెట్టి, అందులో నీరు నెమ్మదిగా తగ్గుతుంటే, అణువులు తొందరపడకుండా వరుసకట్టి స్ఫటికమైతే, దాని మీదికి ఎక్స్ కిరణాలు పంపి, అవి చెదిరి పడిన చోట్లను బట్టి లోపలి రూపాన్ని లెక్కగడతాం. చెప్పడానికి ఇంతే. కానీ చుక్కలో ఉప్పు కూడా ఉంటుంది కదా, చాలాసార్లు అదే ముందుగా ముస్తాబై నిలబడుతుంది.

లేషెక్ గారు అనుమతిస్తే ఒక సంగతి చెబుతాను. అనుమతించకపోయినా చెబుతాను. (నవ్వులు) విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన ధగధగ మెరిసే స్ఫటికం పెంచి, పరీక్షించకుండానే గ్నియెజ్నో ఊళ్లో ఉన్న వాళ్లమ్మకు ఫోన్ చేశారు. ఆవిడ గసగసాల రొట్టె పట్టుకుని రైలు దిగింది. నేను సూది చేతికిచ్చి, "నొక్కి చూడు నాయనా" అన్నాను. ప్రొటీనైతే మెత్తగా నలగాలి. ఇది కటుక్కుమంది. ఆయన మొహం వైపు చూడలేకపోయాను. ఆవిడే అంది, "ఏడవకురా. కొత్తగా గడప తొక్కినవాళ్లకి మన ఆచారం ప్రకారం రొట్టే ఉప్పే కదా పెడతాం? రొట్టె నేను తెచ్చా, ఉప్పు నువ్వు తెచ్చావు." అప్పటినుంచి మా ల్యాబులో మొదటి స్ఫటికం ఉప్పని తేలినవాళ్లకు అదే స్వాగతం. ఈ హాల్లో ఆ ఉప్పు తిననివాళ్లు తక్కువే.

ఇక నా సంగతి. బంగాళాదుంప మొక్క మంచును తట్టుకోవడానికి సాయపడే ఒక ప్రొటీన్ వెంట జుట్టు నెరవకముందు నుంచీ తిరుగుతున్నాను. ఒక్క స్ఫటికమూ ఇవ్వలేదు. అలాగే వెళ్లిపోతానేమోనని ఈమధ్య దిగులుగా ఉంది. మొన్న బోగ్న వచ్చి, "ప్రొఫెసర్ గారూ, మన చుక్కలో ఏదో వచ్చింది. ఉప్పే అయ్యుంటుంది, ఆశపడకండి" అంది. నన్ను ఓదార్చడానికి ముందే సిద్ధపడి వచ్చింది పిల్ల. నాకు కళ్లు చెమర్చాయి. పరీక్ష ఇక్కడ పెట్టమన్నది నేనే. ఉప్పయితే నలుగురితో కలిసి నవ్వేయవచ్చని.

బల్ల మీద రొట్టె, ఉప్పు సిద్ధంగా ఉన్నాయి. ఏమైంది బోగ్నా, తల్లీ?

("మీరే వచ్చి చూడండి. నా కళ్లని నేను నమ్మలేను" అని బోగ్న. వక్త మైకుతోనే వెళ్లి చూస్తారు.)

నీలం. అన్నీ నీలమే.

(చప్పట్లు)

మిత్రులారా, రూపం తెలియడానికి ఇంకా చాలా పని ఉంది. అది బోగ్న చేస్తుంది, నేను రోజూ వచ్చి విసిగిస్తాను. ఇన్నేళ్లు నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. లేషెక్ గారూ, ఆ ఉప్పు గిన్నె పక్కన పెట్టండి. ఇవాళ ఉత్త రొట్టె తిందాం.

సెలవు.