అరిగిన కీ

వాచీలు బాగుచేసే ఇరుకు కొట్టు. మధ్యాహ్నం. బల్లకి అటు కొట్టాయన, ఇటు వాచీ తెచ్చినావిడ.

"అలా నిట్టూర్చకండి అన్నయ్యా, భయమేస్తుంది."

"నిట్టూర్చక ఏం చెయ్యను చెల్లెమ్మా? కీ మీద గాట్లన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. తిప్పితే వేలు జారుతోంది."

"అదే, జారుతోంది. అంటే... జారుతోందని ఆయన అన్నారు."

"బావ అన్నాడా?"

"ఆఁ, ఆయనే. ఎంతసేపు పడుతుంది? నాలుగింటికి లేస్తారు. లేచేసరికి చేతికి ఉండాలి."

"కూర్చో ముందు. ఆ స్టూలు ఊగుతుంది, గోడకి జరుపుకో. ఇది చెయ్యి కదిలితే దానంతటదే నడిచే వాచీ. కీ తిప్పినా నడుస్తుంది కానీ, తిప్పే పనే లేదు."

"తెలుసు."

"పదిహేనేళ్ళుగా ఏటా నేనే విప్పి చూస్తున్నాను. పోయినసారి కీ నిక్షేపంలా ఉంది. ఈ ఆర్నెల్లలోనే..."

"పాత వాచీ అరగదా ఏంటి? అసలు ఈ స్టీలు వాచీమీద అంత మోజేమిటో మీ ఇద్దరికీ! మా ఇంట్లో గిన్నెలూ స్టీలే, గరిటెలూ స్టీలే. వాటిని ఎవరూ భూతద్దం పెట్టుకుని చూడరు."

"గిన్నెలు ఇంటికి పాతిక ఉంటాయి. ఆ రోజుల్లో ఇంత ఖరీదు పెట్టగలిగినవాళ్ళంతా బంగారు వాచీ కొన్నారు. స్టీలుది ఎవడిక్కావాలి అని కంపెనీవాడు ఏవో నాలుగు చేసి వదిలేశాడు. ఇప్పుడు ఆ నాలుగింటికోసం కొట్టుకు చస్తున్నారు. గీతలు పడ్డా ఫరవాలేదు, మెరుగు పెట్టకూడదు. ఏ ముక్కా మార్చకూడదు. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి."

"ఆయనా అంతే. ఒకసారి పీచుతో తోమబోతే ఇల్లెగిరిపోయేట్టు అరిచారు."

"అరవడూ మరి! పాత సామాన్ల సంతలో, చచ్చిన వాచీల డబ్బాలో దొరికింది. అందులో ముందు చెయ్యి పెట్టింది నేనే, తెలుసా? స్టీలుదే కదా అని పక్కన పడేశాను. బావ ముప్పై ఏళ్ళు లేతు మిషను మీద స్టీలు కోసినవాడు. ఊరికే అంచు మీద వేలు పెట్టి చూశాడు. దీన్ని కోసినవాడి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి బామ్మర్దీ అని జేబులో వేసుకున్నాడు. నా బుద్ధి గడ్డి తింది."

"ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతారు."

"నవ్వుతున్నాడా? ఎడమచెయ్యి ఎలా ఉంది?"

"కదులుతోంది."

"కదులుతోందా!"

"అంటే... వాచీ నడుస్తోందిగా. నడుస్తోందంటే కదులుతున్నట్టేగా?"

"చెల్లెమ్మా..."

"ఏంటలా చూస్తారు?"

"నేనేం అడగలేదు."

"అడగకుండా అడుగుతున్నారు! సరే. నేనే తిప్పుతున్నాను. చాలా?"

"ఏడవకు. ఇవిగో మంచినీళ్ళు."

"వద్దు. పక్షవాతం వచ్చినప్పుడు డాక్టరు ఏమన్నాడంటే, కాస్త కదిలినా ఆశ ఉందన్నాడు. ఈయన వాచీని ఆ చేతికే కట్టమన్నారు. మనుషులు నా మొహం చూసి అబద్ధం చెబుతారు, ఇది చెప్పదు, నిద్రలో చెయ్యి మెదిలినా ఇది నడుస్తుంది అన్నారు. మర్నాటికి ఆగిపోయింది."

"ఊఁ."

"గోడవైపు తిరిగి పడుకున్నారు. మూడు రోజులు మెతుకు ముట్టలేదు. మందు మింగలేదు. ఎంత బతిమాలినా పలకలేదు. మనిషి దక్కడనుకున్నాను. నిద్రపోతున్నప్పుడు కీ తిప్పాను. లేచి వాచీ చూసుకున్నారు, ఆకలేస్తోందన్నారు. అప్పట్నుంచీ రోజూ ఇదే పని. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనతో ఒక్క అబద్ధం ఆడలేదు. ఇప్పుడు రోజుకొకటి."

"డాక్టరు ఏమంటున్నాడు?"

"ఆ చెయ్యి ఇక రాదన్నాడు. నాతోనే అన్నాడు. ఆయనకి చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాను."

"వేళ్ళేవీ, చూపించు."

"ఏముంది చూడ్డానికి? అరిగినకొద్దీ గట్టిగా నొక్కాలి కదా. కాయలు కాశాయి, అంతే."

"ఇదిగో, ఇది వేస్తాను. పెద్ద కీ. రెండు వేళ్ళు ఆనిస్తే చాలు, వెన్నలా తిరుగుతుంది."

"అమ్మో, వద్దు! ఏ ముక్కా మార్చకూడదని మీరే అన్నారుగా!"

"అన్నాను. దీంతో విలువ సగం పోతుంది. పోనీ."

"విలువ కాదన్నయ్యా! ఆయన ఇట్టే పట్టేస్తారు. ఎందుకు మార్చావంటే ఏం చెప్పను? పాతదాన్నే గీకండి, గాట్లు పెట్టండి, ఏదో ఒకటి చెయ్యండి. చెయ్యి సంగతి తెలిసిందంటే ఆ మనిషి బతకడు."

"పాతదాని పని అయిపోయిందమ్మా. దీంతోనే తీసుకెళ్ళు. బావ ఏమీ అనడు."

"మీకేం తెలుసు? ఆయన... ఆగండి. దీనికి పనికొచ్చే కీ ఎక్కడా దొరకదనేవారుగా. ఇదెక్కడిది?"

"తెప్పించాను."

"ఎప్పుడు?"

"వచ్చి పది రోజులైంది."

"నేను వాచీ తెచ్చింది ఇవాళేగా?"

"నాలుగింటికి లేస్తాడన్నావు. నన్ను పని చెయ్యనీ."

"అన్నయ్యా, నా మొహం చూసి చెప్పండి."

"బావ ఫోను చేశాడమ్మా. చిన్న కీ తిప్పలేక నీ వేళ్ళు పుండ్లు పడుతున్నాయట. అసలుది పోతే పోయింది, పెద్దది వెయ్యమన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"అంటే ఆయనకి... ఎప్పట్నుంచి?"

"నువ్వు మొదటిసారి తిప్పినప్పుడు మెలకువగానే ఉన్నాడట. ఆ పూట తిన్నది నీకోసమేనమ్మా."