రత్నవ్వ చాటలో మిగిలిన వాషరు

1994 జులై 4, సోమవారం నాడు, దొంకేశ్వర్‌లో తమ చేనులో పసుపు విత్తి, కాళ్లు కడుక్కుని నేరుగా బస్సెక్కి వచ్చిన ఒక యువకుడు ఆర్మూర్‌లోని మన విమాన విడిభాగాల మరమ్మతు కేంద్రంలో సహాయకునిగా చేరారు. గోళ్లలో మట్టి ఇంకా పోలేదు. ఆయనే ఈనాడు పదవీ విరమణ చేస్తున్న మన భూమేశ్వర్ గారు.

మొదట పెట్టెలు కట్టారు. తర్వాత పనిముట్లు అందిస్తూ, అడిగి అడిగి నేర్చుకుని, 2006 నాటికి రేడియో విభాగంలో సెట్టు సరిగా ఉందని సంతకం చేసే నిపుణులయ్యారు. గాలిలో ఉన్న పైలట్టుకు నేల మీది మాట చేర్చే సెట్టు అది. అది మూగబోతే ఎంతటి విమానమైనా దారి అడగలేని పసిబిడ్డే.

ఆయన గొప్పతనం చెప్పాలంటే ఆయన చేసిన తప్పు చెప్పాలి. అది 2009 ఆగస్టు. మన గది ఊడ్చే రత్నవ్వది సిరికొండ. మక్కలు చెరిగిన చేయి కదా, ఊడ్చిన చెత్తను కూడా చాటలో చెరిగి గానీ పారబోసేది కాదు. అందరూ నవ్వేవారు. ఆ ఉదయం చాటలో ఒక వాషరు, మర వదులు కాకుండా దాని కింద వేసే చిన్న బిళ్ల, మిగిలింది.

"భూమన్నా, గిది నీదేనా? నీ బల్ల కింద దొరికింది."

భూమేశ్వర్ గారు దాన్ని అందుకుని ఫోను దగ్గరికి జరిగారు. ముందురోజు ఆయన బిగించిన సెట్టు అప్పటికే హైదరాబాదులోని శిక్షణ విమానానికి చేరింది.

"నాదే అవ్వా. మర కింద పెట్టుడు మరిచిన."

పక్క బల్ల తుకారాం మెల్లగా అన్నాడు: "గంత దానికి ఏమైతదే? ఊకో. సారుకు తెలిస్తే నీ కొలువు పోతది. పూజితను మొన్ననే బడిల ఏస్తివి."

బిడ్డ పేరు వినగానే ఫోను మీది చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నంబరు తిప్పింది. విమానం అప్పటికే లేచిందని అవతలివారు చెప్పారు. అందులో శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి ఒక్కతే ఉంది.

"సెట్టు ఆగిపోకముందే ఆమెను పిలిచి దింపండి సార్. తప్పు నాది, పేరు రాసుకోండి."

అక్కడివారు ఫోను పెట్టకుండానే రేడియోలో పిలిచారు. బదులు లేదు. మళ్లీ పిలిచారు. గరగరల నడుమ సన్నని గొంతు ఫోనులో ఇక్కడిదాకా వినిపించింది: "విన్న సార్, వస్తున్న."

దిగాక విప్పి చూస్తే ఆ మర రెండు చుట్లు వదులైంది.

కొలువు పోలేదు గానీ మూడు నెలలు సంతకం చేసే అధికారం పోయింది. ఆయన మళ్లీ పెట్టెలు కట్టారు. తిరిగి బల్ల దగ్గరికి వచ్చిన నాడు అధికారిని కోరింది ఒక్కటే: "రత్నవ్వ చాట చూడందే ఏ సెట్టు గేటు దాటొద్దు సార్." అది నియమంగా రాయించారు. నేటికీ నడుస్తున్నది.

మోకాళ్ల నొప్పులతో రత్నవ్వ ఇల్లు పట్టాక చాట ఆయనే పట్టారు. నిన్న చివరి సెట్టు బిగించి, చెత్త చెరిగి, ఖాళీ చాటను తన స్థానంలోకి వస్తున్న అంకితకు చూపించారు. "ఏం లేదు బిడ్డా. ఇగ పంపియ్యి."

శ్రీమతి స్వర్ణలత గారితో కలిసి ఆయన ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, మనమెప్పుడు దొంకేశ్వర్‌కు ఫోను చేసినా, మొదటి పిలుపుకు కాకున్నా రెండో పిలుపుకైనా "విన్న, వస్తున్న" అని ఆయన గొంతు పలకాలని మనసారా కోరుకుంటున్నాం.