పూలు లేని బతుకమ్మ

షామీర్‌పేట చెరువు గాలి డాబా దాకా వస్తోంది. వదిన తంగేడు పూలు పేరుస్తోంది. ఆడబిడ్డ మెట్ల దగ్గరే ఆగింది.

"ఎంగిలిపూల బతుకమ్మ నాడు, పండుగ మొదటి దినమే గట్ల దూరం నిలబడ్డవేంది?"

"డాక్టరమ్మ మాట యాదికున్నదా వదినా?"

"అండాశయంల బుడగలున్నయి, బరువు తగ్గితే ముట్టు మళ్ల వస్తదన్నది. రోజు ఇడువకుండ చేసే కసరత్తు చూసుకొమ్మన్నది. జిమ్ముకు నువ్వు వారమే పోతివి."

"బతుకమ్మ ఆట ఇడువలే గద. ఆషాఢం నుంచి గీ డాబా మీద పూలు లేకుండనే తిరిగిన."

"నేను చప్పట్లు కొడుతుంటే కండ్లు మూసుకొని తిరిగేదానివి. నీళ్లమీద తేలినట్టుందంటివి. రా, ఇయ్యాల పూలున్నయి."

"నేను పూలు ముట్టద్దు వదినా. ఐదు నెలలకు ఇయ్యాల ముట్టైంది."

వదిన చేతిలోని తంగేడును బతుకమ్మ మీద పెట్టి లేచింది.

"అయితే ఆడనే నిలబడు. నీ వంతు గూడ నేనే తిరుగుత."